మోకాలి గుజ్జులో బతికే కణం

ఎక్స్‌రేలో మృదులాస్థి కనిపించదు. డాక్టరుగారు ఫిల్మును వెలుతురుకు పెట్టి, "గుజ్జు అరిగిపోయిందమ్మా, చూడండి" అని వేలితో చూపించేది నిజానికి ఖాళీనే. తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య ఉండాల్సిన ఎడం తగ్గిందనీ, ఒక పక్క ఎముక మీద ఎముక ఆనుతోందనీ ఆ ఫిల్ము చెబుతుంది. ఆ ఎడంలో ఇన్నాళ్లూ ఏముందో, అది ఎలా పోయిందో చెప్పదు. అందుకే రోగి ఇంటికి తీసుకెళ్లే అర్థం ఒక్కటే: బండిలో భాగం అరిగింది, వయసైపోయింది, ఇక నడక తగ్గించుకుని, మార్చేదాకా ఎలాగో నెట్టుకురావాలి.

ఇందులో నిజం కొంతే ఉంది, హాని మాత్రం చాలా ఉంది. మృదులాస్థి ప్రాణమున్న కణజాలం. అందులో కాండ్రోసైట్లు అనే కణాలు బతుకుతాయి. చిన్నప్పుడు ఆ పొరను అల్లినవి అవే, పెద్దయ్యాక కనిపెట్టుకుని ఉండేవీ అవే. ఆర్థరైటిస్ వచ్చినప్పుడు ఆ పొరను కరిగించే ఎంజైములను చాలావరకు తయారుచేసేవీ అవే. కట్టినవాళ్లే ఎందుకు కూలగొడతారన్నది కీళ్ల వైద్యంలో అసలు ప్రశ్న. దీని మీద 50 ఏళ్లుగా జరిగిన పరిశోధనను ఒక వరసలో పెట్టి చూస్తే, ఆ కణం చాలావరకు తనంతట తాను చెడదనీ, కీలు మొత్తం నుంచి తనకు అందే సంకేతాలను బట్టి నడుచుకుంటుందనీ అర్థమవుతుంది. మందులు ఎందుకు ఓడిపోయాయో, నడక ఎందుకు గెలిచిందో కూడా అక్కడే తెలుస్తుంది.

ఈ ప్రశ్న ఎంతమందికి సంబంధించినదో ముందు చూద్దాం. మన దేశంలో ఇలా గుజ్జు కరిగే ఆస్టియో ఆర్థరైటిస్ ఉన్నవారు 1990లో సుమారు 2.3 కోట్లు. 2019 నాటికి ఆ సంఖ్య 6.2 కోట్లు దాటింది. ప్రపంచం మొత్తం మీద 2020లో 59.5 కోట్లని అంచనా. ఇందులో పెద్ద వాటా మోకాలిది, మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ.

మోకాలిలో ఎముక చివర్లను కప్పి ఉండే మృదులాస్థి 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. తెల్లగా, నున్నగా, లేత నీలి మెరుపుతో ఉంటుంది. దాని బరువులో మూడింట రెండొంతులకు పైగా నీరే. మిగిలినదాంట్లో ముఖ్యమైనవి రెండు: రెండో రకం కొల్లాజెన్ పోగులు, అగ్రికాన్ అనే భారీ అణువు. అగ్రికాన్ ఒళ్లంతా రుణావేశం. అది నీటిని లాక్కుని ఉబ్బాలని చూస్తుంది, కొల్లాజెన్ వల ఉబ్బనివ్వదు. దూది కుక్కి బిగించి కుట్టిన కొత్త పరుపు ఎందుకు గట్టిగా ఉంటుందో ఇదీ అందుకే గట్టిగా ఉంటుంది. పైగుడ్డ చిరిగినా పాడే, లోపలి దూది తగ్గినా పాడే. జర్మనీలోని బెర్లిన్ పరిశోధకులు సెన్సర్లు అమర్చిన కృత్రిమ మోకాళ్లతో 2010లో లెక్కకట్టారు. మామూలుగా నడిచేటప్పుడు మోకాలి మీద శరీర బరువుకు దాదాపు రెండున్నర రెట్లు, మెట్లు దిగేటప్పుడు మూడున్నర రెట్ల వరకు భారం పడుతోందని తేలింది. 70 కిలోల మనిషి మెట్లు దిగుతుంటే ఒక్కో అడుగులో మోకాలు మోసేది దాదాపు 240 కిలోలు. దాన్ని తట్టుకునేది ఆ కొద్ది మిల్లీమీటర్ల పొర.

అందులో కాండ్రోసైట్లు ఆక్రమించే చోటు సుమారు 2 శాతమే. ఒక్కో కణం ఒక చిన్న గదిలో ఉంటుంది. గది గోడలకు ఆరో రకం కొల్లాజెన్‌తో అల్లిన మెత్తటి తొడుగు ఉంటుంది. పక్క కణాన్ని తాకే వీలు లేదు. అక్కడికి రక్తనాళం రాదు, నరం రాదు. మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటే ఆ కణానికి అందేది 1 నుంచి 7 శాతం. అందుకని అది గ్లూకోజును ఆక్సిజన్ సాయం పెద్దగా లేకుండానే విరిచి శక్తి తీసుకుంటుంది. ఆహారం కీలు ద్రవం నుంచి మెల్లగా ఊరి రావాలి. పైపొరలోని కణాలు చదునుగా పడుకుని లూబ్రిసిన్ అనే జారుడు ప్రొటీన్‌ను స్రవిస్తాయి. లోతుకు వెళ్లేకొద్దీ కణాలు గుండ్రబడి నిలువు వరసల్లో నిలబడతాయి. అన్నిటికంటే కింద, ఎముకకు అతుక్కునే చోట, సున్నం పట్టిన పొర.

ఈ ఒంటరితనానికి చెల్లించే మూల్యం పెద్దది. చర్మం తెగితే రక్తం వస్తుంది, రక్తంతో పాటు మరమ్మతు కణాలు వస్తాయి. మృదులాస్థి తెగితే ఎవరూ రారు. లండన్‌లో విలియం హంటర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త 1743లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో, పుండుపడిన మృదులాస్థి ఒకసారి నాశనమైతే మళ్లీ కోలుకోదని రాశాడు. 280 ఏళ్లు దాటినా ఆ మాటను పూర్తిగా కాదనగలిగినవాళ్లు లేరు.

దానికి కారణం ఎంత లోతుగా ఉందో ఈమధ్యే తెలిసింది. 1950ల్లో, 60ల మొదట్లో జరిగిన అణుబాంబు పరీక్షలతో వాతావరణంలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగింది, తర్వాత తగ్గుతూ వచ్చింది. మొక్కల నుంచి, తిండి నుంచి అది ఆ కాలంలో బతికిన ప్రతి మనిషి ఒంట్లోకీ చేరింది. కాబట్టి ఒంట్లోని ఒక ప్రొటీన్‌లో ఎంత కార్బన్-14 ఉందో కొలిస్తే అది ఏ ఏడాది తయారైందో చెప్పవచ్చు. డెన్మార్క్ శాస్త్రవేత్తలు 1935 నుంచి 1997 మధ్య పుట్టినవారి మోకాలి మృదులాస్థిని ఇలా పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. కొల్లాజెన్ దాదాపు అంతా ఎదిగే వయసులో తయారైనదే. పెద్దయ్యాక కొత్తది చేరడం లేదు. ఆర్థరైటిస్ వచ్చిన మోకాళ్లలోనూ అంతే. అంటే 70 ఏళ్ల మామ్మగారి మోకాలిలో ఉన్న కొల్లాజెన్ వల ఆవిడ పదోతరగతి వయసులో ఉన్నప్పటిది. అగ్రికాన్ సంగతి వేరు. దాన్ని కాండ్రోసైట్ జీవితాంతం తీసేసి కొత్తది వేస్తూనే ఉంటుంది. కాబట్టి ఒక గీత ఉంది. అగ్రికాన్ మాత్రమే పోయిన దశలో కణం తిరిగి నింపగలదు. కొల్లాజెన్ వల తెగిందంటే మళ్లీ అల్లలేదు. ఆర్థరైటిస్‌లో మొదటి దశ ఎంత విలువైనదో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ప్రయోగం నాకు కనపడలేదు.

మరి నరం లేని చోట, చీకట్లో ఉన్న ఈ కణానికి బయట ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? ఒత్తిడి వల్ల. మనం అడుగేసినప్పుడు మృదులాస్థి అణుగుతుంది, నీరు కదులుతుంది, కణం ఆకారం కొద్దిగా మారుతుంది. కణం పొరలో ఉన్న టీఆర్‌పీవీ4 అనే ద్వారం మామూలు ఒత్తిడికి తెరుచుకుంటుంది, కాల్షియం లోపలికి వస్తుంది, అగ్రికాన్ తయారీ పెరుగుతుంది. దెబ్బ తగిలినంత గట్టి ఒత్తిడికి మాత్రం పియెజో1, పియెజో2 అనే వేరే ద్వారాలు తెరుచుకుంటాయి. అప్పుడు లోపలికి వచ్చే కాల్షియం కణాన్ని చంపేదాకా పోగలదు. పియెజోలను కనిపెట్టిన ఆర్డెమ్ పటాపూటియన్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఫర్షీద్ గిలక్, వోల్ఫ్‌గాంగ్ లీట్కె బృందాలు 2014లో ఒక చక్కని ప్రయోగం చేశాయి. పంది కీలులోంచి తీసిన మృదులాస్థిని పంచ్‌తో కోసి, కోతకు ముందు ఒక రకం పెద్ద సాలీడు విషంలో దొరికే, పియెజోలను మూసేసే చిన్న ప్రొటీన్‌లో నానబెడితే, కోత అంచున చనిపోయే కణాల సంఖ్య తగ్గింది. మామూలు భారానికీ గాయానికీ తేడా ఆ కణానికి తెలుసు. తేడా తెలియనిది, "వాడకం తగ్గించండి" అని చెప్పే మన సలహాకే.

భారం లేకపోతే ఏమవుతుందో వెన్నుపాము దెబ్బతిన్నవారి మోకాళ్లు చెబుతాయి. స్విట్జర్లాండ్‌లో ఎంఆర్ఐతో కొలిచి చూస్తే, కాళ్లు చచ్చుబడిన ఏడాది, రెండేళ్లలోనే మృదులాస్థి పల్చబడుతూ వచ్చింది. అరిగేందుకు అక్కడ నడకే లేదు. మరోపక్క 2017లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ పరుగు గురించి చెప్పింది. సరదాగా, ఆరోగ్యం కోసం పరుగెత్తేవారిలో తుంటి, మోకాలి ఆర్థరైటిస్ 3.5 శాతం. కదలకుండా కూర్చునేవారిలో 10.2 శాతం. పోటీల కోసం తీవ్రంగా పరుగెత్తేవారిలో 13.3 శాతం. పరుగెత్తగలిగే మోకాళ్లున్నవారే పరుగెత్తుతారన్న అభ్యంతరం ఇక్కడ న్యాయమైనదే. ఆ వంతు తీసేసినా, అరుగుదల ఒక్కటే కారణమైతే సరదా పరుగువాళ్లకు అంత తక్కువ రావడం పొసగదు.

ఇక కణం ఎలా తిరగబడుతుందన్న ప్రశ్నకు మొదటి గట్టి ఆధారం కేంబ్రిడ్జ్‌లోని స్ట్రేంజ్‌వేస్ ప్రయోగశాలలో దొరికింది. ఆనర్ ఫెల్ అనే శాస్త్రవేత్త ఆ సంస్థను 1929 నుంచి 1970 దాకా నడిపి, పదవీ విరమణ తర్వాత కూడా మానకుండా ప్రయోగాలు చేసింది. 1977లో ఆమె, జుబ్ కలిసి ప్రచురించిన పరిశోధనను నేను ఎప్పుడు తలచుకున్నా ముచ్చటేస్తుంది. మృదులాస్థి ముక్కనూ, కీలులోపలి పొర అయిన సైనోవియం ముక్కనూ ఒకే పాత్రలో, ఒకదానికొకటి తగలకుండా పెంచారు. తగలకపోయినా మృదులాస్థి కరిగింది. అదే మృదులాస్థిలోని కణాలను ముందే చంపేసి పెడితే, దూరంగా ఉన్న సైనోవియం దాన్నేమీ చేయలేకపోయింది. సైనోవియం పంపింది ఎంజైమును కాదనీ, ఒక సంకేతాన్ని అనీ, ఆ సంకేతం అందుకుని కరిగించే పని చేసింది మృదులాస్థిలోని సొంత కణాలేననీ దీనితో తేలింది. ఆ సంకేతానికి మొదట కెటబాలిన్ అని పేరు పెట్టారు. తర్వాత జెరెమీ సక్లత్‌వాలా దాన్ని శుద్ధిచేశాక, అది ఇంటర్‌ల్యూకిన్-1 అని నిర్ధారణ అయింది.

ఆ తర్వాత ఒక్కొక్క ముడీ విడుతూ వచ్చింది. సంకేతం అందుకున్న కాండ్రోసైట్ అగ్రికాన్‌ను కోసే ఏడీఏఎంటీఎస్-5, కొల్లాజెన్‌ను కోసే ఎంఎంపీ-13 అనే ఎంజైములను విడుదల చేస్తుంది. తెగిన ముక్కలు మళ్లీ సంకేతాలుగా మారి పక్క కణాలను రెచ్చగొడతాయి. కొన్ని కణాలు విభజన మొదలుపెట్టి గుంపులు కడతాయి. కొన్ని, చిన్నపిల్లల ఎముక పెరిగే చోట ఉండే కణాల్లా ఉబ్బి, పదో రకం కొల్లాజెన్ వేస్తూ సున్నాన్ని పిలుస్తాయి. ఎముకగా మారే బాల్యపు కార్యక్రమాన్ని ముసలితనంలో తప్పు చోట మళ్లీ నడిపిస్తాయన్నమాట. ఇంకొన్ని విభజన ఆపేసి ముదిరిపోయి, చుట్టూ వాపు కలిగించే రసాయనాలు వదులుతూ కూర్చుంటాయి. కింద ఎముక గట్టిపడుతుంది, అంచుల్లో ముళ్లలాంటి పెరుగుదలలు వస్తాయి, సైనోవియం ఉబ్బుతుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు మృదులాస్థిలో నరాలు లేవు కాబట్టి అక్కడి నుంచి నొప్పి రాదు. నొప్పి వచ్చేది ఎముక నుంచి, సైనోవియం నుంచి. మనిషికి నొప్పి తెలిసేసరికి కణం ఎన్నో ఏళ్లు పోరాడి ఉంటుంది.

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో వరస మారుతుంది. మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు 0.75 శాతం మందికి ఇది ఉందని అంచనా. ఇక్కడ దాడి రోగనిరోధక వ్యవస్థ నుంచి మొదలవుతుంది. సైనోవియం మందపడి, మృదులాస్థి మీదకు పాకి తినేస్తుంది. కాండ్రోసైట్ ఇక్కడా చేతులు కట్టుకుని కూర్చోదు, వాపు సంకేతాలైన టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్‌ల మాట విని లోపలి నుంచి ఎంజైములు వదులుతుంది. అయితే ఆజ్ఞ ఎవరిస్తున్నారో స్పష్టంగా తెలిసింది కాబట్టి వైద్యం దొరికింది. లుధియానాలో పుట్టిన రవీందర్ మైనీ, మార్క్ ఫెల్డ్‌మన్‌తో కలిసి 1992లో లండన్‌లో టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీని రోగులకు ఇచ్చి చూశారు. ఆ వ్యాధి గతే మారిపోయింది. తెల్లవారి లేవగానే గంటకు పైగా వేళ్లు బిగుసుకుపోవడం, రెండు చేతుల కణుపులూ వాచడం ఉంటే "వాతం" అని కషాయాలతో నెలలు గడపకుండా రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. మొదటి నెలల్లో మందు మొదలైతే మృదులాస్థి దక్కుతుంది. ఈ ఒక్క విషయంలో ఆలస్యం దిద్దుకోలేనిది.

కణమే మొదట చెడిపోయే జబ్బులు కూడా ఉన్నాయి, మనకు దగ్గర్లోనే. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా సాగర్ తాలూకా హందిగోడు అనే ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో 1970ల్లో వ్యవసాయ కూలీల కుటుంబాల్లో పిల్లలు, యువకులు తుంటి, మోకాళ్ల నొప్పులతో కుంటడం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, భట్ అక్కడికి వెళ్లి పరిశీలించి, మలెనాడు కీళ్లజబ్బుగా 1978లో దాన్ని వర్ణించారు. పురుగుమందు కొట్టిన వరిచేలలోని పీతలు తినడం వల్లనేమో అన్న అనుమానం అప్పట్లో వచ్చింది. తర్వాత కుటుంబాల వంశక్రమాలు గీసి చూస్తే, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి పిల్లలకు దిగివచ్చే జన్యులోపం వైపు ఆధారాలు మొగ్గాయి. ఎముక చివర్ల ఎదుగుదలే అక్కడ తప్పుతోంది. చైనా, సైబీరియాల్లో కనిపించే కాషిన్-బెక్ వ్యాధిలో లోతు పొరల్లోని కాండ్రోసైట్లు గుంపులుగా చచ్చిపోతాయి. నేలలో సెలీనియం కొరత, ధాన్యానికి పట్టే బూజు విషం దానికి కారణాలని అనుమానం. వయసు, అరుగుదల అనే మాటలు ఈ పిల్లల దగ్గర పనికిరావు.

వైద్యం సంగతికి వస్తే ఆశాభంగాల చరిత్రే పొడవు. మోకాలి కణాలను బయట పెంచి తిరిగి నాటే పద్ధతి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1987లో మొదలైంది. మాట్స్ బ్రిట్‌బర్గ్, లార్స్ పీటర్సన్ 1994లో 23 మంది రోగుల ఫలితాలు ప్రకటించారు. భారం పడని చోటి నుంచి చిన్న ముక్క తీసి, కణాలను కొన్ని వారాలు పెంచి, మృదులాస్థిలో పడ్డ గుంతలో పోసి పైన పొర కుట్టారు. తొడ ఎముక చివర గుంత ఉన్న 16 మందిలో 14 మందికి బాగుంది. మోకాలి చిప్ప వెనక గుంత ఉన్న ఏడుగురిలో ఇద్దరికే బాగుంది. ఇందులో చిక్కు కణం స్వభావంలోనే ఉంది. చదునైన పాత్రలో పెంచితే కాండ్రోసైట్ చాచుకుని, మచ్చ కట్టే మామూలు కణంలా మారిపోయి, మొదటి రకం కొల్లాజెన్ వేయడం మొదలుపెడుతుంది. మెత్తటి జెల్‌లో గుండ్రంగా ఉండనిస్తే తిరిగి తన స్వభావానికి వస్తుందని 1982లో బెన్యా, షాఫర్ చూపించారు. ఆ పాఠం ఆధారంగా ఇప్పుడు కణాలను జెల్‌లోనో, పలుచని పొర మీదో నాటుతున్నారు. ఈ శస్త్రచికిత్స ఆటల్లో దెబ్బ తగిలి ఒకచోట గుంత పడ్డ యువకులకు. మోకాలంతా పాడైన 65 ఏళ్ల మనిషికి పనికిరాదు. చాలామంది ప్రకటనలు చూసి ఇక్కడే పొరబడుతున్నారు.

మందుల కథ ఇంకా బాధాకరం. ఏడీఏఎంటీఎస్-5 లేని ఎలుకలకు మోకాలు పాడుకాలేదని 2005లో రెండు బృందాలు ఒకేసారి ప్రకటించాయి. ఆ ఎంజైమును ఆపే మాత్రను 900 మందికి పైగా రోగులపై పరీక్షిస్తే 2020లో ఏ మేలూ కనపడలేదు. ముదిరిన కణాలను ఏరివేసే ఇంజెక్షన్ ఎలుకల్లో బాగా పనిచేసింది. 2020లోనే మనుషుల్లో అది ఉత్తుత్తి మందుతో సమానమని తేలింది. స్ప్రిఫెర్మిన్ అనే పెరుగుదల ప్రొటీన్ మాత్రం నిజంగానే మృదులాస్థిని రెండేళ్లలో 0.05 మిల్లీమీటరు మేర ఎక్కువ మందంగా ఉంచింది. కానీ నొప్పి తగ్గలేదు. దానికి ఎదురు ఉదాహరణ టానెజుమాబ్. నరాల పెరుగుదల కారకాన్ని అడ్డుకుని నొప్పిని బాగా తగ్గించింది. కొందరి కీళ్లు అసాధారణ వేగంతో కూలిపోయాయి, 2021లో ఆ మందును వదిలేశారు. నొప్పి ఒక దారి, పొర మందం ఒక దారి అని ఈ రెండు మందులూ కలిసి చెబుతున్నాయి. ఒక్క ఎంజైమును, ఒక్క కణాన్ని పట్టుకుని కీలును బాగుచేయగలమన్న నమ్మకం ఇక వదులుకోవాలని నా అభిప్రాయం. ఆ కణానికి ఎముక నుంచి, సైనోవియం నుంచి, కొవ్వు నుంచి, కండరం నుంచి సంకేతాలు వస్తూనే ఉంటాయి. ఒక గొంతు నొక్కితే మిగతావి వినిపిస్తూనే ఉంటాయి.

మన మందుల షాపుల్లో విరివిగా అమ్ముడయ్యే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్‌లను అమెరికాలో 1583 మంది మీద పరీక్షించి 2006లో ఫలితం చెప్పారు. మొత్తం మీద ఉత్తుత్తి మాత్రకంటే మెరుగు కాదు. మూడు నెలలకొకసారి రెండేళ్లపాటు మోకాలిలో స్టెరాయిడ్ ఇచ్చి చూసిన 2017 పరిశోధనలో మృదులాస్థి 0.21 మిల్లీమీటరు తగ్గింది. ఉప్పునీరు ఇచ్చినవారిలో 0.10 మాత్రమే. నొప్పిలో తేడా లేదు. వాపు భరించలేనప్పుడు ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్ వేరు, క్యాలెండరు చూసుకుని ఇచ్చే ఇంజెక్షన్లు వేరు. మూలకణాల సంగతీ ఇక్కడే చెప్పాలి. రక్తవ్యాధుల్లో ఎముక మజ్జ మార్పిడి లాంటి అంగీకరించిన వైద్యాలు తప్ప, మిగతా మూలకణ వైద్యమంతా అనుమతి పొందిన పరీక్షల్లో మాత్రమే జరగాలని ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం 2017లో స్పష్టంగా రాశాయి. బెంగళూరు సంస్థ ఒకటి తయారుచేసిన ఉత్పత్తికి 2022లో మోకాలి కోసం అనుమతి దొరికింది. అనుమతి ఆ ఒక్క ఉత్పత్తికి, ఊరూరా క్లినిక్‌లో పొట్ట కొవ్వు తీసి అప్పటికప్పుడు మోకాలిలో గుచ్చే పద్ధతికి కాదు. పొలం అమ్మి ఆ ఇంజెక్షన్ చేయించుకునే ముందు ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "దీనికి అనుమతి కాగితం చూపిస్తారా?"

మరి కాండ్రోసైట్‌కు నిజంగా మేలు చేసేవి? స్వీడన్‌లో ఎవా రూస్, లీఫ్ డాల్‌బర్గ్ 2005లో చేసిన చిన్న ప్రయోగం ఇక్కడ కీలకం. మోకాలిలోని నెలవంక గుజ్జును కొంత తీసేసిన 45 మందిని తీసుకుని, కొందరితో వారానికి మూడుసార్లు నాలుగు నెలలు వ్యాయామం చేయించారు. వాళ్ల మృదులాస్థిలో అగ్రికాన్‌కు గుర్తయిన ఎంఆర్ఐ కొలత మెరుగుపడింది. మందు వేయలేదు, సూది గుచ్చలేదు. కణానికి అర్థమయ్యే మోతాదులో భారం ఇచ్చారు. తొడ ముందు కండరం గట్టిపడితే మోకాలికి అందే దెబ్బ తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. మొదటి రెండు మూడు వారాలు నొప్పి కొంచెం పెరగవచ్చని ముందే చెప్పి, భయపడవద్దని దగ్గరుండి చేయించే ఫిజియోథెరపిస్టు కావాలి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఒక్క మెట్టు ఎక్కి దిగడం లాంటివి ఇంట్లోనే చేయించవచ్చు.

బరువు ఇంకో సంగతి. ఒక కిలో తగ్గితే నడకలో ఒక్కో అడుగుకు మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని మెసియర్ బృందం 2005లో లెక్కకట్టింది. అయితే ఊబకాయం ఉన్నవాళ్లకు చేతివేళ్ల కీళ్లకూ ఆర్థరైటిస్ ఎక్కువ వస్తుంది, వేళ్ల మీద ఎవరూ నడవరు కదా. గిలక్ బృందమే 2021లో కొవ్వే లేకుండా పుట్టించిన ఎలుకలను చూపించింది. మోకాలికి గాయం చేసినా వాటికి ఆర్థరైటిస్ రాలేదు. కొద్దిగా కొవ్వు తిరిగి నాటితే వచ్చింది. కొవ్వు కూడా కణానికి సంకేతాలు పంపుతోంది. 2024లో సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ మీద 407 మందితో ముగిసిన పరీక్షలో బరువు 13.7 శాతం తగ్గింది. 100 పాయింట్ల కొలమానం మీద నొప్పి 41.7 పాయింట్లు తగ్గింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 27.5. మృదులాస్థి మీద గురిపెట్టిన మందులన్నీ ఓడిన చోట ఆకలి తగ్గించే మందు గెలవడం యాదృచ్ఛికం కాదని నేననుకుంటాను.

మన పల్లెల్లో ఊబకాయం లేని ఆడవాళ్ల మోకాళ్లు ఎందుకు పోతున్నాయన్న ప్రశ్నకు బీజింగ్‌లో ఒక జవాబు ఉంది. అక్కడి వృద్ధులను పాతికేళ్ల వయసులో రోజుకు ఎంతసేపు గొంతుక్కూర్చునేవారో అడిగి, ఎక్స్‌రేలతో పోల్చి చూశారు. ఎక్కువసేపు గొంతుక్కూర్చున్నవారిలో మోకాలి ఆర్థరైటిస్ ఎక్కువ. కలుపు తీసే చేతులు, వేరుశనగ ఏరే చేతులు, బట్టలుతికే చేతులు మన దగ్గర ఎవరివో అందరికీ తెలుసు. నడుము వంచకుండా, గొంతుక్కూర్చోకుండా కలుపు తీసే సైకిల్ వీడర్లు పొలాలకు చేరితే మోకాలి వైద్యం ఆసుపత్రికి ముందే మొదలవుతుంది.

ఇంకా ముందు మొదలయ్యే చోటు ఆటస్థలం. మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంటు తెగిన కుర్రవాళ్లలో, అమ్మాయిల్లో దాదాపు సగం మందికి 10 నుంచి 20 ఏళ్లలో ఆర్థరైటిస్ వస్తుంది, తెగిన లిగమెంటును కుట్టించుకున్నా సరే. 18 ఏళ్లకు కబడ్డీలో పడిన పిల్ల 35 ఏళ్లకే ముసలి మోకాళ్లతో డాక్టరు దగ్గర కూర్చుంటుంది. దెబ్బ తగిలిన మొదటి రోజుల్లోనే కీలు ద్రవంలో అగ్రికాన్ ముక్కలు తేలుతాయి. కణం తిరగబడడం ఎప్పుడు మొదలైందో కచ్చితంగా తెలిసేది ఇలాంటివారిలోనే. కాబట్టి కొత్త మందుల పరీక్షలు కూడా గుజ్జంతా పోయినవారి మీద కాక, ఈ పిల్లల మీద, ఆ తొలి వారాల్లో జరగాలని వాదించే పరిశోధకులతో నేను ఏకీభవిస్తాను. మందు వచ్చేలోపు చేయగలిగింది ఒకటుంది. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలు 1892 మందిని 2007లో ఒక సీజనంతా గమనించి చూశారు. ఆటకు ముందు 20 నిమిషాలు, ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా చూసుకునే కసరత్తులు చేసిన జట్లలో తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. దానికి కావలసింది బంతి, కొంచెం మైదానం, నేర్పే పీఈటీ మాస్టారు.